పాత పనికైతే ఫిట్టే

ఇరవై తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పమంటే, మనుషుల చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలాను. బీపీ చూశాను. డ్యూటీ చార్టుల గురించీ, ఎవరికి ముందు ప్రమోషన్ వచ్చిందన్న దాని గురించీ రాయడానికి వేరేవాళ్లున్నారు, వాళ్లకు ఓపిక కూడా ఉంది. నేను రాసేది నర్సింగ్ చదివి ఈ ఏడో, పై ఏడో ఉద్యోగంలో చేరబోయే పిల్లల కోసం. బీపీ చూడటం మీ కాలేజీలో ఒక పూటలో నేర్పి ఉంటారు. నాకది చేతనయ్యేసరికి పద్దెనిమిదేళ్లు పట్టింది. నేను మందబుద్ధిని కాను. క్లాసులో మొదటి బెంచీ. అందుకే పట్టింది అనుకుంటాను.

ముందే ఒక మాట. ఇది ధైర్యం గురించిన రాత కాదు. ధైర్యం గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను చూసింది భయం. అందులోనూ ఒక రకం భయం గురించి చెప్తాను. రోగం వస్తుందేమోనన్నది కాదు, పోగొట్టుకుంటామేమోనన్నదీ కాదు. ఉన్నదానికంటే ఇంకాస్త కావాలని లోపల అనిపించగానే మనిషికి పుట్టే భయం.

బూడిద లేవకుండా

మొదటి ఉద్యోగం సిరిసిల్లలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల వార్డులో. చుట్టూ వీధుల్లో మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచెలు, పొద్దున లేస్తే టకటకమంటూనే ఉండేవి. ఆ మోతలో పెరిగినవాళ్లు కాబట్టి అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లు. వార్డులో నెమ్మదిగా మాట్లాడేది ఒక్కరే, పెద్ద సిస్టర్ ఎలిశమ్మ. ఆమె చదివింది పదో తరగతి, ఆపైన ఏదో శిక్షణ. నేను బీఎస్సీ నర్సింగ్. ఆ తేడా ఆమెకు గుర్తుందో లేదో కానీ నాకు మాత్రం రోజూ గుర్తుండేది.

ఒక పొద్దున తొలిచూలు పిల్ల వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. నొప్పుల కంటే భయం ఎక్కువ. పిడికిళ్లు బిగించి, పళ్లు బిగించి, కాళ్లు కూడా బిగించుకుంది. నేను తిట్టాను. అందరు ఆడవాళ్లూ కనలేదా, నీకొక్కదానికేనా అన్నాను. ఈ మాట అనని నర్సు లేదు, సిగ్గుపడాల్సిన మాట.

ఎలిశమ్మ నన్ను పక్కకు జరిపింది. "పామును సూసినోళ్లను తిడితే పాము పోతదా?" అంది నాతో. పిల్లవైపు తిరిగి, "పొయ్యి ఊదినవా బిడ్డా ఎప్పుడన్న?" అని అడిగింది.

"ఊదిన."

"ఊదుగొట్టంతోని ఎట్ల ఊదుతవో గట్ల ఊదు. మంట లేవాలని గాదు. బూడిద లేవద్దు. సన్నగ, పొడుగ్గ."

ఆ పిల్ల ఊదింది. పదిసార్లకు భుజాలు దిగాయి. ఇరవైసార్లకు పిడికిళ్లు విచ్చుకున్నాయి. నేను పక్కన నిలబడి, ఇదేదో పాతకాలపు చిట్కా అనుకున్నాను. కారణం తర్వాత పుస్తకంలో చదివాను. ఊపిరి బయటికి పోయేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది. బయటికి పోయేది పొడవైతే, ఆపద లేదన్న కబురు ఒంటికి అందుతుంది. ఎలిశమ్మకు ఆ పుస్తకం అక్కర్లేకపోయింది. నాకు ఆ పుస్తకం దొరికాక కూడా ఎలిశమ్మను నమ్మడానికి చాలా ఏళ్లు పట్టింది.

హాలంతా విన్న అంకె

కోరుట్లలో నేను చేరింది రక్తపరీక్షల కేంద్రంలో. మా వైపు ఊళ్ల నుంచి దుబాయి పోయేవాళ్లు ఎక్కువ. ఏ దేశం పోయినా మాకది దుబాయే. అసలు మెడికల్ పరీక్ష హైదరాబాద్‌లో జరుగుతుంది. అక్కడ అన్‌ఫిట్ అని ముద్ర పడితే కథ అయిపోయినట్టే. అందుకని దగ్గరి ఊళ్లోనే ముందుగా ఒకసారి చూపించుకుంటారు. దాన్ని ప్రీమెడికల్ అంటారు. నా పని అదే.

వాళ్లు ఎట్లా వచ్చేవాళ్లో చెప్తాను. తెల్లవారి మొదటి బస్సుకు, ఖాళీ కడుపుతో, ఆలస్యమైతే తీసుకోరేమోనని బస్టాండు నుంచి దాదాపు పరిగెత్తుతూ, రెండంతస్తుల మెట్లెక్కి, రొప్పుతూ వరుసలో నిలబడేవాళ్లు. బీపీ దిగాలని ఎవరో చెబితే పచ్చి వెల్లుల్లి నమిలి, చెంబెడు మజ్జిగ తాగి వచ్చేవాళ్లు. ఒంటికి పోవాల్సి ఉన్నా వరుస పోతుందని ఆపుకునేవాళ్లు. నేను వాళ్లను నిలబెట్టే పట్టీ కట్టేదాన్ని. అంకె చూసి, హాలు అవతలి కొసన కూర్చున్న గుమాస్తాకు వినబడేటట్టు అరిచేదాన్ని. చేతివాటం చాలా బాగుండేది. గంటకు ముప్పై మందిని చూసేదాన్ని, దాని మీద గర్వం కూడా ఉండేది.

పోశెట్టి అని ఒకాయన. ముప్పై దాటలేదు. నేను "నూట డెబ్బై, నూట పది" అని అరిచాను. వరుసంతా తిరిగి ఆయన్ను చూసింది. వెనకాల ఎవడో, "ఇగ అయిపాయె నీ దుబాయి" అన్నాడు, నవ్వాడు. పోశెట్టి ముఖం ఇప్పటికీ నా కళ్లముందుంది. రక్తం అంతా ఎటో పోయినట్టయింది.

ఆయన ఇంకా మూడుసార్లు వచ్చాడు. ప్రతిసారీ అంకె పెరిగింది. నన్ను చూస్తేనే పెరుగుతోందని నాకు తట్టలేదు. చివరికి హైదరాబాద్ పరీక్షనాడు పక్కింటి ముసలాయన బీపీ మాత్రలు రెండు మింగి పోయాడట. అక్కడ బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాడు. బతికాడు. పోవడం మాత్రం పోలేదు.

చాలా ఏళ్లకు వేములవాడ పోతే బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో ఆయనే కనిపించాడు. నన్ను గుర్తుపట్టి చాయ్ తెచ్చాడు.

"మంచిగనే అయింది సిస్టర్. దేవుడు చెంప మీద కొట్టి చెప్పిండు, ఎక్కువ ఆశ పనికిరాదని. ఉన్నది సాలు. మా పోరనికి గూడ గదే చెప్తున్న."

చెంప మీద కొట్టింది దేవుడు కాదు, నేను. మూడు నిమిషాలు కూర్చోబెట్టి, గొంతు తగ్గించి ఉంటే ఆ అంకె ఎంత వచ్చేదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. తెలియకుండానే ఆయన నా తప్పును దేవుడి తీర్పుగా నమ్మి కొడుక్కు అప్పజెప్తున్నాడు. ఈ మాట ఆయనకు చెప్పాల్సింది. చాయ్ తాగి, బాగుందని చెప్పి లేచొచ్చాను. నోరున్న మనిషినని పేరు నాకు.

రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది

తర్వాత జగిత్యాలకు మారాను. ఒక డాక్టరు గారి పరీక్షా కేంద్రం. ఇప్పుడు నేను మారిన మనిషిని. అందరినీ కూర్చోబెట్టేదాన్ని. ముందు బాత్రూంకు పంపేదాన్ని. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉండాలి, అయిదు నిమిషాలు మాటల్లేవు. ఆపైన ఎలిశమ్మ ఊదుడు. అంకెలు దిగేవి. నాకు పొగరెక్కింది. ఎవరి బీపీనైనా నేను దించగలనన్న పేరు కూడా వచ్చింది.

బీడీలు చుట్టే లచ్చవ్వ అని యాభై ఏళ్లావిడ వచ్చింది. నూట ఎనభై పైన ఉంది. నేను ఊదించాను, నూట యాభైకి దిగింది. "భయం తప్ప ఏం లేదవ్వా, పో" అని డాక్టరు గారికి చూపించకుండానే పంపేశాను. పది రోజులకు ఆమెకు కుడివైపు పడిపోయింది. బీడీలు చుట్టే చెయ్యి. కూతురు వచ్చి నన్నేమీ అనలేదు. కౌంటరు దగ్గర నిలబడి కాసేపు చూసి వెళ్లింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. భయాన్ని దించేది అంకెను తగ్గించడానికి కాదు, అసలు అంకె ఏదో తెలుసుకోవడానికి. కూర్చున్నాక కూడా నూట యాభై ఉంటే అది రోగమే కావచ్చు. దానికి డాక్టరు ఉన్నాడు, మాత్ర ఉంది. ఊపిరితో అన్నీ పోతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. వాళ్లలో నేనూ ఒకదాన్నై ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

ఆ తర్వాత చాలా నెలలు ప్రతి మనిషికీ మూడుసార్లు పట్టీ కట్టి చూస్తేగానీ అంకె రాసేదాన్ని కాను.

గంగాధర్

ఆ అనుమానం పూర్తిగా పోకముందే గంగాధర్ వచ్చాడు. సారంగాపూర్ వైపు ఊరు. నలభైకి దగ్గర. పదకొండేళ్లుగా దుబాయిలో ఒకే కంపెనీలో హెల్పర్. రెండు మూడేళ్లకోసారి సెలవుకు వచ్చి, తిరిగి పోయేముందు నా దగ్గరే పరీక్ష చేయించుకునేవాడు. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ నూట ఇరవై, నూట ఇరవై నాలుగు. నా రిజిస్టరులో అంత శుభ్రమైన మనిషి లేడు.

అయిదోసారి కుర్చీ అంచున సగం నడుముతో కూర్చున్నాడు. చేయాల్సినవన్నీ చేశాను. నూట డెబ్బై రెండు. పది నిమిషాలాగి మళ్లీ చూశాను. నూట డెబ్బై ఆరు. నాడి నూట పన్నెండు. పట్టీ కట్టిన చేతి అరచేయి తడిసిపోయింది.

"మందు గిట్ల తాగినవా తమ్మీ?"

"లేదు మేడం."

"ఎండల నడిచి అచ్చినవా?"

"ఆటోల అచ్చిన."

"ఈసారి ఏం పనికి పోతున్నవ్?"

తలుపువైపు చూశాడు. బయట బెంచీ మీద ఎవరున్నారో చూసుకున్నాడు. "ఫోర్మన్" అన్నాడు, పెదవులు కదిలాయి తప్ప గొంతు రాలేదు.

"మంచి ముచ్చట గదా."

"మెల్లగ అనుండ్రి మేడం." మళ్లీ తలుపువైపు చూసి, "పాత పనికైతే నేను ఫిట్టే. పాత పనికే రాసియ్యుండ్రి" అన్నాడు.

నవ్వాను. "నువ్వు ఏ పనికి పోతున్నవో నీ రక్తానికేం ఎర్క?" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట అన్నానో రెండో రోజు తెలిసింది.

తొమ్మిది రోజుల్లో హైదరాబాద్ మెడికల్. అక్కడ ఇదే అంకె వస్తే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. డాక్టరు గారు కాగితం చూసి, మాత్ర మొదలుపెట్టి ప్రయాణం ఆపుదామన్నారు.

"ఒక్క పూట సూసి ఎట్ల రాస్తరు సార్?" అన్నాను.

"ఒక్క పూట చూసి పంపితే ఏమైందో మర్చిపోయినవా సరళా?"

లచ్చవ్వ పేరు ఆయన ఎత్తలేదు. అవసరం లేదు. నేను అక్కడే నిలబడ్డాను. వెళ్లిపోతే సరిపోయేది. నా మీద ఏ తప్పూ ఉండదు. కానీ పోశెట్టి ముఖం కూడా అక్కడే ఉంది.

"మరి ఇటు తప్పయినా అటు తప్పయినా మనిషి బతుకే గదా సార్" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. ఆయన గురించి మంచి మాట చెప్పాలి, వాదిస్తే వింటారు, ముఖం మాడ్చుకునే వింటారు. ఆ రోజే గుండె పరీక్ష, రక్తం, మూత్రం అన్నీ చేయించారు. ఏ లోపమూ లేదు. "ఆరు పొద్దులు చూడు. ఆరో రోజు నేను చూస్త. దిగకపోతే మాత్ర, ప్రయాణం బంద్. నడుమల తలనొప్పో ఛాతినొప్పో అంటే ఆ నిమిషం నాకు చెప్పాలె" అన్నారు. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి, "నీది నర్సు డ్యూటీనా, పూనకాలు దించే డ్యూటీనా?" అన్నారు.

పసుపుకు లేవలేదు

పట్టీ కట్టి మాట్లాడించకూడదని మీకు చెప్పే నేనే రెండో రోజు కావాలని ఆ తప్పు చేశాను. ముందు వాళ్ల పసుపు పంట గురించి అడిగాను. ఈసారి తవ్వకానికి కూలీలు దొరికారా, ఉడకబెట్టింది ఎక్కడ. బాగానే చెప్పాడు. నూట ముప్పై. అదే గొంతుతో, "ఫోర్మన్ అయితే నీ కింద ఎంతమంది ఉంటరు?" అన్నాను. "ఇరవై" అన్నాడు. నూట అరవై నాలుగు.

రెండు అంకెలూ కాగితం మీద రాసి ముందుకు జరిపాను. "సూడు తమ్మీ. పసుపుకు లేవలే. ఫోర్మన్‌కు లేసింది."

"అంటే నాకు బీపీ లేనట్టా?"

"ఇంకా తెల్వది. భయమైతే ఉన్నట్టు."

కోపం వచ్చింది అతనికి. "పదకొండేండ్లు ఎండల గోడలు లేపిన మేడం. నాకేం భయం?" అని లేచి వెళ్లిపోయాడు.

మూడో రోజు తనే చెప్పాడు, నన్ను చూడకుండా, గోడమీది కేలండరుకు చెప్తున్నట్టు. వాళ్లది కల్లుగీత ఇల్లు. తండ్రి వంతుకు ఇరవై చెట్లు. పక్కాయనకు పాణం బాగుండకపోతే, ఆయన చెట్లు కూడా ఎక్కుతానని తండ్రి ఒప్పుకున్నాడు. తల్లి రాజవ్వ వద్దంది. అదనంగా వచ్చింది నాలుగు చెట్లే. మూడో రోజు, ఆ నాలుగింటిలో ఒకదాని మీంచే పడ్డాడు. గంగాధర్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు.

"అవ్వ ఏడ్వలే మేడం. 'సాలనుకుంటే బతికేటోడు' అన్నది. గంతే. గిప్పటికి అంటది. ఇంకింత అన్నం పెట్టే అన్నా గదే అంటది."

ఇద్దరమూ నవ్వాం. నవ్వాల్సిన మాట కాదు.

కంపెనీ ఇంతకుముందే రెండుసార్లు అడిగిందట. రెండుసార్లూ ఇంగ్లీషు రాదని చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి కాగితం చేతికే ఇచ్చారు. కూలీలుండే క్యాంపులో రెండు రోజులు విరేచనాలు. తల్లికీ భార్యకీ పాత పనికే పోతున్నానని చెప్పాడు. కావలసింది పైకి అంటే దిష్టి తగులుతుందని మా దగ్గర అందరికీ ఉన్నదే. ఇతనికి దిష్టి కూడా కాదు. ఇంకా కావాలని నోరు తెరిస్తే చెట్టుమీంచి పడతాం. అతని తలకు ఇది అబద్ధమని తెలుసు. అతని ఒంటికి తెలియదు. తొమ్మిదేళ్లప్పుడు నేర్చుకున్న పాఠం అది.

నేను వాదించాను. వాదించడం నాకు అన్నం తినడం లాంటిది. నీ తండ్రి ఆశకు పడలేదు, మోకు జారి పడ్డాడు, అలసిపోయి పడ్డాడు అన్నాను. అన్నిటికీ అవునన్నాడు. అంకె ఒక్క మెట్టు దిగలేదు. ఒంటితో వాదించి గెలవలేమని అప్పుడు ఒప్పుకున్నాను.

ఇక చేసింది ఇంతే. పాదాలు నేలకు ఆనించి, నేల ఉందో లేదో చూసుకోమన్నాను. బూడిద లేవకుండా ఊదమన్నాను. కొంచెం నెమ్మదించాక ఒక చిన్న మాట. "దుబాయి పోత." ఏమీ కాలేదు. మళ్లీ ఊదుడు. "పోయి పని చేస్త." ఏమీ కాలేదు. "ఇరవై మందికి పని చెప్త." గుండె ఎగిరింది, మెడ నరం నాకు కనిపించింది. "లేదు లేదు" అనబోయాడు.

"మాట ఎనుకకు తీసుకోకు. ఊపిరి ఒక్కటే ఇడువు" అన్నాను.

చాలాసేపు పట్టింది. దిగింది. మళ్లీ అన్నాడు, మళ్లీ ఎగిరింది, ఈసారి కొంచెం తక్కువ. నాలుగో రోజంతా అదే. మందు కాదు, మంత్రం కాదు. ఆ మాట అన్నాక కూడా కుర్చీ కుర్చీలాగే ఉందని, పైకప్పు కూలలేదని ఒంటికి చూపించడం. కుక్కపిల్లను వానకు అలవాటు చేసినట్టు.

మధ్యలో ఒకసారి అడిగాడు. "మీకెప్పుడన్న గిట్లయిందా మేడం?"

ముప్పై ఏళ్లప్పుడు నన్నొక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పమని పిలిచారు. ఇంటర్వ్యూ పొద్దున వాంతులయ్యాయి. అత్తమ్మకు బాగాలేదని ఫోన్ చేసి మానేశాను. అత్తమ్మ ఆ పూట నాకంటే బాగుంది, రెండు రొట్టెలు ఎక్కువే తింది. నాకు చదువంటే ఇష్టమే కానీ ఇంటి బాధ్యతలు అని పదేళ్లు అందరికీ చెప్పుకు తిరిగాను. ఇదంతా అతనికి చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

"అయితే మీరు గూడ పాత పనికే ఫిట్టు" అన్నాడు.

అయిదో రోజు

రోజూ ఆసుపత్రికి పోతున్నాడని ఆటో అతను రాజవ్వకు చెప్పాడట. కొడుక్కేదో పెద్ద రోగమనుకుని ఆమె వెంట వచ్చింది. సన్నటి మనిషి, గట్టి చూపు. బెంచీ మీద కూర్చోలేదు.

"ఏమైంది బిడ్డా నా కొడుక్కు?"

"ఆయననే అడుగు అవ్వా." రోగి ముచ్చట నేను చెప్పకూడదు. చెప్పాలని మాత్రం నాలుక దురద పెట్టింది.

గంగాధర్ నేలవైపు చూస్తూ, "ఫోర్మన్‌గ పొమ్మంటున్నరే" అన్నాడు.

"పొమ్మంటున్నరా, పోతనన్నవా?"

ఆమె నావైపు తిరిగింది. "నువ్వేనా వీనికి ఆశ పెడుతున్నది?"

"నేను పెడితే అచ్చేదా అవ్వా ఆశ? లోపలున్నది. ముప్పై ఏండ్ల నుంచి నువ్వు మూత పెట్టినవ్, అది గుండెల కొట్టుకుంటున్నది."

ఆ మాట అనాల్సింది కాదు. నిజమే, అయినా అనాల్సింది కాదు. ఆమెకు కోపం రాలేదు.

"నువ్వు సదువుకున్నదానివి. ఒక్క మాట చెప్పు. పోయినంక వీనికేమన్న అయితే, నా ఇంటి ముంగట కూసుండి నాతోని ఏడుస్తవా?"

నేను నోరు తెరిచాను. ఏమీ కాదని నేనెట్లా చెప్పను? ఏమీ కాదని లచ్చవ్వకు చెప్పిన నోరిది. ఆమె కొంగు దులుపుకుని మెట్లు దిగిపోయింది. ఆ పొద్దు గంగాధర్ అంకె నూట అరవై ఎనిమిది. నాది చూసుకోలేదు.

అతను వెళ్లాక రిజిస్టరు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. డాక్టరు గారు చెప్పినట్టే మొదటి రోజు మాత్ర వేసి ఉంటే? ఇతనికి నిజంగానే రోగం ఉండి, నేను మళ్లీ ఊదిస్తూ కూర్చుంటే? పోయాక ఏదన్నా జరిగితే? ఈ ప్రశ్నలు లేకుండా ఈ ఉద్యోగం చేసేవాళ్లున్నారు. వాళ్లకు మీ చెయ్యి ఇవ్వకండి.

ఆరో రోజు

రావాల్సిన వేళకు రాలేదు. పది దాటింది. ఇక రాడనుకున్నాను. రాకపోతే నాకు హాయి అన్న ఆలోచన కూడా వచ్చింది, దాచను. పదకొండుకు మెట్లమీద చప్పుడైంది. బస్టాండు నుంచి నడిచి వచ్చాడు, మెల్లగా, రొప్పకుండా. బాత్రూంకు పోయి వచ్చి, వీపు ఆనించి, పాదాలు ఆనించి, ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నాడు.

డాక్టరు గారు స్వయంగా పట్టీ కట్టారు. నన్ను దూరంగా నిలబడమన్నారు. నూట ముప్పై ఎనిమిది. కాసేపాగి, నూట ముప్పై నాలుగు.

"నూట నలభై గీత దగ్గర ఉన్నవ్. ఉప్పు తగ్గించు. అక్కడ గూడ నెలకోసారి చూపిచ్చుకో, పెరిగితే మాత్ర వేసుకోవాలె, మొండికెయ్యద్దు" అన్నారు. కాగితం తీసి, రాసే అలవాటుకొద్దీ అడిగారు. "ఏం పనికి?"

తలుపు తీసే ఉంది. బయట బెంచీమీద ఏడెనిమిది మంది ఉన్నారు, వాళ్లలో అతని ఊరివాళ్లూ ఉన్నారు. గంగాధర్ మెడ నరం లేచింది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. సన్నగా, పొడవుగా ఒక ఊపిరి వదిలాడు.

"ఫోర్మన్ పనికి సార్" అన్నాడు. బయటికి వినబడింది. ఎవరో తిరిగి చూశారు.

భయం పోయిందనుకోకండి. నుదుటి మీద చెమట నేను చూశాను. భయం ఉండగానే ఆ మాట బయటికి వచ్చింది, వెనక్కి పోలేదు. ఇంతకంటే ఎక్కువ నేను ఎవరికీ చేయించలేదు, చేయించగలనని మీకు మాట కూడా ఇవ్వను.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, ఫిట్ అచ్చింది. మెట్ల మీద కూసున్న."

"కూసో. లేవకు. ఇంటికి చెప్పినవా?"

"చెప్పిన. అవ్వకే ముందుగాల చేసిన. పోతనన్న."

"ఏమన్నది?"

"ఎంతమంది నీ కింద అన్నది. ఇరవై అన్న." అతని వెనక వాహనాల మోత వినిపించింది. "ఇరవై మందికి ఇరవై మంది అవ్వలుంటరు కొడుకా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"మా క్యాంపోళ్లే గదా మేడం, ఆ ఇరవై మంది. ఒక్కొక్కని పేరు యాది చేసుకుంటున్న."